వానమ్మ సైకిలు వెనక చక్రం

ఒకప్పుడు వాన సైకిలు మీద వచ్చేది. ఇప్పట్లాగా ఆకాశమంతా నల్లగా చేసి, ఉరిమి, మెరిసి, మనం బట్టలన్నీ లోపల వేసుకున్నాక పక్క ఊళ్ళో కురిసిపోయే రకం కాదు. క్యారియరుకి రెండు పక్కలా నీళ్ళ బిందెలు కట్టుకుని, బెల్లు కొట్టుకుంటూ వచ్చి, ఎవరికెన్ని కావాలో అన్ని పోసి వెళ్ళిపోయేది. అందరూ ఆవిణ్ణి వానమ్మ అని పిలిచేవాళ్ళు.

"ఈ సైకిలు తొక్కలేక ఆయాసపడే బదులు నడిచి రావచ్చుగా?" అని ఎవరైనా అడిగితే, "నడిస్తే దారిలోనే కారిపోతాను" అనేది వానమ్మ. అదీ నిజమే.

ఆ సైకిలుకి చక్రాలంటే రెండు తాటికాయలు. ఒక ఏడాది ఎండలు మండిపోయి అవి బాగా మగ్గాయి. ఘుమఘుమలాడే చక్రాలు పెట్టుకుని ఎంతదూరమని తొక్కుతుంది, పాపం? ఆకలికి ఆగలేక ఒకదాన్ని కాల్చుకుని తినేసింది. ఒక్క చక్రంతో ఎలాగూ సైకిలు నడవదు కదా అని రెండోదీ తినేసింది. మూతి తుడుచుకున్నాక గుర్తొచ్చింది, ఇంకా ఊళ్ళు తిరగాలని.

సైకిలుని భుజానికెత్తుకుని, దారంతా తడుపుకుంటూ, పొలంగట్టు కింద ఉన్న పీత కొట్టుకి వెళ్ళింది.

ఆ చుట్టుపక్కల సైకిలు మేస్త్రీ పీత ఒక్కటే. దాని రెండు డెక్కలే రెండు పట్టకార్లు, వేరే సామాను అక్కర్లేదు. అది పక్కకి నడుస్తుంది కాబట్టి అది బాగుచేసిన సైకిళ్ళు కూడా కాస్త పక్కకే పోయేవి. అందరికీ అలవాటైపోయింది. తిన్నగా వెళ్ళాలంటే కొంచెం అటు చూసి తొక్కేవాళ్ళు.

వానమ్మ బల్ల మీద కూర్చుని టీ తాగుతుండగా గట్టుకి చాలా అవతల నుంచి బోదురుకప్ప గెంతుకుంటూ వచ్చింది. దాని పిల్లలు, ఇంకా కాళ్ళు కూడా రాని తోకపిల్లలు, అక్కడ గేదె గిట్ట పడిన గుంటలో ఉన్నాయి. గుంటలో ఇక గరిటెడు నీళ్ళు మిగిలాయి. ఎండ ఆ గుంట పక్కనే గొంతుక్కూర్చుని, వేలు ముంచి చప్పరిస్తోంది.

"నువ్విక్కడ టీ తాగుతున్నావా తల్లీ?" అంది బోదురుకప్ప. ఏడుపూ కోపమూ కలిసి దాని గొంతు ఉబ్బింది. "సాయంత్రానికి గుంట ఎండిపోతుంది. నా పిల్లలు బతకరు."

వానమ్మకి సిగ్గేసింది. గ్లాసు కింద పెట్టేసింది. "ఏం చెయ్యను బోదురమ్మా, చక్రాలు తినేశాను" అంది.

పీత కొట్టంతా వెతికింది. చక్రమన్నది ఒక్కటీ లేదు. ఉన్నవాటిని పొద్దున్నే చీమలు పట్టుకుపోయాయట. వెతికి వెతికి దాని కళ్ళు పక్కింటి గుమ్మం దగ్గర ఆగాయి.

పక్కిల్లు వానపాముది. దానికి ఇద్దరు కవలలు, రోకలిబండ పురుగు, జెర్రి. అప్పటికి ఆ ఇద్దరికీ కాళ్ళు లేవు. అమ్మలాగే పొడుగ్గా, నున్నగా ఉండేవి. పొద్దంతా గుమ్మంలో పడి దొర్లడమే వాటి పని.

"వానపామమ్మా, మీ వాళ్ళు ఖాళీగానే ఉన్నారుగా" అంది పీత. "తోక నోట్లో పెట్టుకుని గుండ్రంగా నిలబడితే చెరో చక్రం అయిపోతారు. మధ్యలో ఇరుసు పెట్టి, చుట్టూ చీపురుపుల్లలు చువ్వలుగా దిగ్గొడతాను."

వానపాము ఆలోచించింది. "మంచిపనికి వద్దనను గానీ, మేస్త్రీ, ఒక్క మాట. వీళ్ళు కవలలు. ఏది పెట్టినా సమానంగా పెట్టాలి. ఒకడికి ఒక్క పుల్ల ఎక్కువైతే రెండోవాడికి జ్వరం వస్తుంది. నేను మట్టి పెట్టినా తూచి పెడతాను."

కవలల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ కాదనలేదు.

"తొందర పని కదా, తేలిగ్గా ఉండాలి" అని పీత చెరో గుప్పెడు పుల్లలు మాత్రమే దిగ్గొట్టింది. ముందు చక్రం జెర్రి, వెనక చక్రం రోకలిబండ. వానమ్మ ఎక్కింది. బోదురుకప్ప బిందె మీద కూర్చుంది.

సైకిలు గాలిలో పోయినట్టు పోయింది. వానమ్మ కొంగు వెనకెక్కడో ఎగురుతూ వచ్చింది. బోదురుకప్ప ఆనందంగా కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి కింద ఉంది.

ఏమైందంటే, బిందెల బరువంతా వెనక చక్రం మీద పడింది. ఉన్న నాలుగు పుల్లలూ ఆపలేకపోయాయి. రోకలిబండ వంకర్లు తిరిగి జంతికలా అయిపోయింది. ఒక బిందె దొర్లిపోయి, ఎవరికీ అక్కర్లేని రాళ్ళ మీద ఒలికిపోయింది. రాళ్ళు ఏమీ అనుకోకుండా స్నానం చేశాయి.

"ఇంక ఒక్క బిందె మిగిలింది" అంది బోదురుకప్ప. ఈసారి దానికి ఏడవడానికి కూడా ఓపిక లేదు.

అందరూ కొట్టుకి తిరిగొచ్చారు. పీత రోకలిబండకి బెండు తీసి, "చువ్వలు చాల్లేదు, అంతే" అంది. రెండు కొత్త చీపుళ్ళు విప్పింది. సమానంగా ఉండాలి కాబట్టి చెరో చీపురూ మొత్తం దిగ్గొట్టింది. ఒక్కో పుల్లనీ డెక్కతో మీటి, చెవి ఆనించి, టింగుమందా లేదా విని మరీ బిగించింది. చక్రాల మీద ఎద్దు గెంతినా వంగవు, అంత గట్టిగా తయారయ్యాయి.

అయితే కదలవు కూడా. వానమ్మ లేచి నిలబడి తొక్కింది. పళ్ళు బిగబట్టి తొక్కింది. హేండిల్ తిప్పుదామంటే ముందు చక్రం బండరాయిలా ఉంది. వెనక నుంచి ఒక నత్త వచ్చింది, పక్కనించి దాటింది, ఆగింది. "ఏమండీ, కాస్త తోయమంటారా?" అని మర్యాదగా అడిగింది.

బోదురుకప్ప ఎండ వైపు చూసింది. అంత దూరాన గుంట దగ్గర ఎండ అరచేయి మొత్తం ముంచేసి ఉంది.

బోదురుకప్ప బిందె మీంచి దూకి సైకిలు చుట్టూ తిరిగింది. ముందు నుంచి చూసింది, వెనక నుంచి చూసింది. "మేస్త్రీ, బిందె ఎక్కడుంది? వెనక. వానమ్మ ఎక్కడ కూర్చుంది? వెనక. నేనూ వెనకే. ముందు చక్రం మీద ఎవరున్నారు? ఎవరూ లేరు. మరి దానికెందుకు ఇన్ని చువ్వలు? సగానికి పైగా పీకెయ్యి."

"సమానంగా ఉండాలన్నానా?" అని వానపాము అడ్డం పడుకుంది. "జెర్రిగాడికి జ్వరం వస్తుంది."

బోదురుకప్ప దాని దగ్గరికి వెళ్ళింది. అరవలేదు. "వదినా, నీ పిల్లాడికి జ్వరం వస్తే కషాయం కాచి పోస్తాను. పక్కనే కూర్చుని తడిగుడ్డ వేస్తాను. నా పిల్లలు ఎండిపోతే ఏం పొయ్యను, చెప్పు."

వానపాము పక్కకి జరిగింది. "తియ్యి మేస్త్రీ. నేను మాత్రం చూడలేను" అని చివరికి మట్టిలోకి తల దూర్చేసింది.

పీత జెర్రి చువ్వలు చకచకా పీకింది. పీకినవాటిలో కొన్ని రోకలిబండకే అదనంగా దిగ్గొట్టింది. జెర్రికి జ్వరం రాలేదు. "అబ్బ, హాయిగా ఉంది" అనబోయింది గానీ, నోట్లో తోక ఉండటంతో మానుకుంది.

ఈసారి సైకిలు కదిలింది. ముందు చక్రం తేలిగ్గా మలుపులు వెతుక్కుంటూ పోతుంటే, వెనక చక్రం ఆ బరువంతా మోసుకుంటూ వెంట వచ్చింది. గతుకు వచ్చినప్పుడల్లా బిందె ఎగిరి రోకలిబండ వీపు మీద పడేది. నొప్పికి దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తోక వదిలేస్తే హాయి, కానీ వదిలితే చక్రం విడిపోతుంది.

"ఇంకొంచెం ఓర్చుకో నాయనా. ఆ మలుపు దాటితే వచ్చేసినట్టే" అంది బోదురుకప్ప. ఆ మలుపు తర్వాత ఇంకా చాలా మలుపులున్నాయి. ప్రతి మలుపు దగ్గరా అదే మాట చెప్పింది. రోకలిబండ ప్రతిసారీ "ఊఁ" అంది.

గుంట దగ్గరికి వచ్చేసరికి లోపల బురద మాత్రమే ఉంది. తోకపిల్లలు అందులో నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి. పీత సైకిలు కదా, సరిగ్గా గుంట పక్కకి వెళ్ళి ఆగింది. వానమ్మ ఒక్క దూకు దూకి బిందె విప్పి కుమ్మరించింది.

బోదురుకప్ప గుంటలోకి వంగి చూసింది. ఏదీ కదల్లేదు. తర్వాత ఒక తోక కదిలింది. దాని పక్కది కదిలింది. కాసేపట్లో గుంటంతా తోకలే.

"నేనేం కావాలని చేశానా? నీళ్ళు కనిపిస్తే తాగడం నా అలవాటు" అని గొణుక్కుంటూ ఎండ లేచి కొండ వెనక్కి వెళ్ళిపోయింది.

వానమ్మ ఎంత గట్టిగా కుమ్మరించిందంటే, గుంట నిండి, పొర్లి, ఆ వరదకి సైకిలే కొట్టుకుపోయింది. ఇరుసుల నుంచి జారి కవలలు మాత్రం ఒడ్డున మిగిలాయి. పీత వచ్చి చీపురుపుల్లలు పీకబోయింది. అవి రాలేదు. పైగా గిలిగింతలు పెట్టినట్టు కదిలాయి. పుల్లలు కాస్తా కాళ్ళయిపోయాయి.

మట్టిలోంచే అక్కడిదాకా వచ్చిన వానపాము తల ఎత్తి చూసి లబోదిబోమంది. "ఒకడికి ఇన్నే, ఇంకొకడికి అన్నేసా? రండి, సమానంగా పంచుకోండి."

"నాకివి చాలమ్మా" అంటూనే జెర్రి పరుగు తీసింది. "చాలమ్మా" అన్న మాట దాని వెనకాల వచ్చింది.

వానపాము రోకలిబండ వైపు తిరిగింది. "నువ్వయినా కొన్ని తీయించుకో. అంత బరువేసుకుని ఎలా నడుస్తావురా?"

రోకలిబండ ఒళ్ళంతా పుండులా ఉంది. అయినా తల అడ్డంగా ఊపింది. "ఉండనీ అమ్మా. మళ్ళీ ఎవరికైనా మోయాల్సొస్తే?"

సైకిలు పోయింది కాబట్టి వానమ్మకి నడక తప్పలేదు. నడిచి వస్తుంది, దారిలోనే కారిపోతుంది. ఎక్కడ ఎంత కారుతుందో ఆవిడకే తెలియదు.

అప్పటినుంచే జెర్రికి కాళ్ళు తక్కువ, పరుగు ఎక్కువ. రోకలిబండకి కాళ్ళు ఎక్కువ, నడక నెమ్మది. మీరు ముట్టుకుంటే జెర్రి చటుక్కున పారిపోతుంది. రోకలిబండ మాత్రం ఎవరో బరువు తెచ్చారనుకుంటుంది. తలా తోకా దగ్గరికి తెచ్చుకుని, కాళ్ళన్నీ లోపలికి పెట్టుకుని, గుండ్రంగా చక్రమై ఎదురుచూస్తుంది. ఎవరూ ఏమీ ఎక్కించకపోతే, కాసేపటికి మెల్లగా విప్పుకుని, తన దారిన తను పోతుంది.