నూట పదిహేడో నంబరు బుష్షు

"నలభై అన్నావు."

"నలభై రెండన్నాను."

"నా రెండు చెవులతో విన్నాను జంబయ్యా. నలభై అన్నావు."

"చెవులు పెద్దవైతే చాలదు పోలయ్య బావా, వాటి మధ్యలో బుర్ర కూడా ఉండాలి."

ఎద్దు పోలయ్యకీ నక్క జంబయ్యకీ ఈ గొడవ ఇవాళ్టిది కాదు, మూడేళ్ళ నాటిది. అమావాస్య వచ్చినట్టు నెలకోసారి వస్తనే ఉంటది.

అడవి అయిపోయి చెరుకు తోటలు మొదలయ్యే చోట, రోడ్డు వారన పోలయ్యది రేకుల షెడ్డు. అందులో ఒక లేత్ మిషను. ఇనుమైనా, కంచులాంటి గన్‌మెటల్ అయినా దానికి బిగించి తిప్పి, ఎంత కావాలంటే అంతకి కోసిస్తాడు. పోలయ్య తండ్రి బతికినన్నాళ్ళూ గానుగ చుట్టూ తిరిగి తిరిగి పోయాడు. తాతా అంతే. ఆ వంశంలో తను కదలకుండా నిలబడి చక్రాన్ని తిప్పినవాడు పోలయ్య ఒక్కడే. అందుకే ఆ లేత్ అంటే వాడికి ప్రాణం.

జంబయ్య తెచ్చే పని బుష్షులు. బుష్షంటే ఏం లేదు, మిల్లులో ఇరుసు, అదే షాఫ్టు, తిరిగే చోట తొడిగే గన్‌మెటల్ గొట్టం. తిరిగి తిరిగి దాని బెజ్జం అరిగి పెద్దదైపోద్ది. అప్పుడు ఆ అరిగినదాన్ని పట్టుకొచ్చి ఇలాంటిదే కొత్తది చెయ్యమంటారు. కిటుకంతా అక్కడే ఉంది. అరిగిన బెజ్జం నలభై రెండు మిల్లీమీటర్లుంటే అంతే చెయ్యాలా, అరక్కముందున్న నలభై చెయ్యాలా? పోలయ్య అడిగేవాడు. జంబయ్య చెప్పేవాడు, నోటితో. తీరా పోలయ్య ఏది చేస్తే, తను చెప్పింది దాని అవతలిదనేవాడు జంబయ్య.

సరుకు గోనెలో కట్టుకుని ఏనుగమ్మ మిల్లుకి పోయేవాడు. మూడు రోజులకి ఖాళీగా వచ్చేవాడు.

"పట్టలేదు బావా. ఆవిడ చెత్తకుప్పలో పారేయించింది. మోసుకొద్దామంటే బండి కిరాయి దండగ. సరేలే, నీ కష్టం చూడలేను, తుక్కు రేటు కట్టి ఇచ్చేస్తాను."

తుక్కు రేటంటే లోహం బరువుకి ఏదో నాలుగు రాళ్ళు. చేసిన పనికి గుండుసున్నా.

ఆవేళా అలాగే ఇచ్చి, పోతా పోతా ఓ మాటన్నాడు. "ఎన్నాళ్ళిలాగ? వయసైపోతంది, లెక్క గుర్తుండటం లేదు. ఆ లేత్ నాకమ్మేసి హాయిగా నెమరేసుకో బావా."

ఆ మాట పోలయ్యకి ముల్లులా దిగింది. ఇంకో దెబ్బ తగిలితే అమ్ముకోక తప్పదని వాడికీ తెలుసు. అమ్మేస్తే తను ఏటి? మళ్ళీ మెడ మీద కాడి.

అప్పుడు లేత్ కాలి పక్కనించి సన్నటి గొంతొకటి లేచింది.

"అయిపోయిందేటి మావా గొడవ?"

చూస్తే చీమ. పేరు నూకాలు. పుట్ట సరిగ్గా ఆ మిషను దిమ్మ కిందే.

"మూడేళ్ళుగా వింటన్నాను. మా పిల్లలకి జోలపాట అక్కర్లేదు, నలభై, నలభై రెండు అంటే చాలు పడుకుంటన్నారు. ఆ లెక్కేదో ఎక్కడన్నా రాసిపెట్టుకోకూడదా?"

"ముప్పై ఏళ్ళ పని అమ్మీ. అంతా ఇక్కడుంది." కొమ్ముల మధ్య చూపించాడు పోలయ్య.

"అక్కడుంటే జంబయ్యకి ఎలా కనపడుద్ది మావా? అంతెందుకు, నీకు కనపడతందా? నిన్న అడవిపంది ట్రాక్టరు పిన్ను కోసం పొద్దున్నించి మధ్యాన్నం దాకా ఎతికావు. అది నీ కాలికిందే ఉంది."

పోలయ్య కాలు తీసి చూసుకున్నాడు. ఇంకా అక్కడే ఉంది.

"నువ్వేం చదువుకున్నావేటి, నాకు చెప్తన్నావు?"

"మా చీమలకి వరస తప్ప వేరే విద్య లేదు మావా. నీ షెడ్డులో లేనిది అదొక్కటే."

మర్నాడు పని మొదలెట్టింది. మూలన కుప్పగా పడున్న ముక్కలన్నీ పైకి తీయించింది. ఒక్కోదానికి తీగతో ఓ అట్టముక్క కట్టించింది. దాని మీద నంబరు, ఎవరిది, ఏం కొలత, ఎప్పటికివ్వాలి. అట్టలన్నీ గోడకి తాడు కట్టి వరసగా తగిలించింది. ముందొచ్చింది ముందు, ఎనకొచ్చింది ఎనక. ఎవరు కేకలేసినా వరస మారదు.

తర్వాత పోలయ్య ఫోను తీసింది. పాటలు వినడానికి తప్ప వాడెప్పుడూ దాన్ని ముట్టుకోలేదు. పని రాగానే ముక్క మీద కొలత పనిముట్టు పెట్టి, అంకె కనపడేలా ఫొటో. దాని కింద కొలత రాసి, పనిచ్చినవాళ్ళకి పంపించడం. "సరే" అని జవాబొస్తేనే ముక్క లేత్ ఎక్కుద్ది. అయిపోగానే "మీది అయిపోయింది, రండి" అని కబురు. నూకాలు టైపు చేస్తంటే చూడాలి. ఫోను మీద ఎక్కి అటూ ఇటూ పరిగెత్తుద్ది. పొడుగు మాట రాయాల్సొస్తే ఆయాసపడి మధ్యలో ఆగుద్ది.

అంతా బానే ఉందిగానీ ఎనిమిదో రోజున ఎలుగుబంటి వచ్చి, తను చేయించుకున్న పుల్లీ చక్రం బల్ల మీద పడేశాడు.

"గాడి పది చెయ్యమంటే ఎనిమిది చేశావు."

"ఎనిమిదే అన్నావు!" పోలయ్య బుస్సుమన్నాడు. "అందరికీ నేనే దొరికానా? నూకాలూ, తియ్యవే ఆ ఫొటో. చూపించు ఈయనకి."

నూకాలు తీసింది. ఫోను పోలయ్య వైపు తిప్పింది. పది అనే ఉంది. కింద ఎలుగు పెట్టిన "సరే" కూడా ఉంది.

పోలయ్య మొహం మాడిపోయింది. ఎలుగు పోయాక అట్టలన్నీ తాడు మీంచి లాగి కింద పారేశాడు. "నా పరువు తియ్యడానికా నిన్ను పెట్టుకుంది? ఎవరి పక్కనున్నావు నువ్వు?"

"నేను నీ పక్కే మావా. అట్టకి పక్క లేదు. అదే దాని గొప్ప."

"మరి మూడేళ్ళూ జంబయ్య చెప్పిందే నిజమేమో. నా బుర్రే పోయిందేమో."

నూకాలు దగ్గరికొచ్చింది. "ఒక్కసారి తప్పు నీది. అన్నిసార్లూ నీదో కాదో ఇక ముందు తెలిసిపోద్ది కదా. అందుకే ఏరుకో మావా. నేను మొయ్యలేను, పెద్ద అట్టలు."

పోలయ్య కాసేపు నెమరేశాడు. తర్వాత వంగి ఒక్కోటీ ఏరి తాడుకి పెట్టాడు. ఎలుగుకి పుల్లీ ఊరికే చేసిచ్చాడు. ఎలుగు ఇంటికి పోయి ఊరుకున్నాడా? పోలయ్య దగ్గర తప్పయితే తప్పని ఒప్పుకుంటారని అడవంతా చెప్పాడు. అంతే, దుప్పి మోటారు తెచ్చింది, తోడేలు ఆటో తెచ్చాడు. ఇదివరకు రోజుకి నాలుగు పనులు తెమిలితే గొప్ప. ఇప్పుడు తొమ్మిది. లేత్ అదే, ఎద్దూ అదే. ఎతుకులాట పోయింది, అంతే.

చెరుకు ఆడే రోజులొచ్చాయి. జంబయ్య అరిగిన బుష్షొకటి ఊపుకుంటా వచ్చాడు.

"ఇరవై నాలుగు కావాలి బావా, బెజ్జం నలభై. ముక్కకి ఆరొందల నలభై. గన్‌మెటల్ నువ్వే తెచ్చుకో."

పోలయ్య లెక్కేసుకున్నాడు. ఉన్నదంతా ఊడ్చి పెడితే ఆ లోహం వస్తది. ఇవి గనక తుక్కు కింద పోతే మళ్ళీ లేవలేడు. అయినా సీజన్లో వచ్చిన పని వదులుకుంటే బతికేదెలా?

నూకాలు ఫొటో తీసి పంపింది. "లోపల బెజ్జం నలభై. కొత్త షాఫ్టుకి. ఇరవై నాలుగు. సరేనా?"

జంబయ్య ఫోను చూసి పకపకా నవ్వాడు. "ఏటి చీమమ్మా, నా మాట మీద నమ్మకం లేదేటి?" అని, బొటనవేలు బొమ్మ ఒకటి నొక్కి పోయాడు.

ఆరు రోజులకి బుష్షులు తయారయ్యాయి, అద్దాల్లా. అప్పుడు నూకాలు కొత్త పని పెట్టింది.

"మావా, ప్రతి ముక్క అంచు మీదా అట్ట నంబరు కొట్టు. నూట పదిహేడు. దాని పక్కన మన ఫోను నంబరు."

"మూడూ పదీ పదమూడు అంకెలు. ఇరవై నాలుగు ముక్కలు. మూడొందల పన్నెండు సుత్తి దెబ్బలు! పిచ్చి పట్టిందేటే?"

"అట్ట తాడు మీద మన దగ్గరే ఉండిపోద్ది. ముక్క ఊరు పోద్ది. ఊరెళ్ళే పిల్లకి పేరు చెప్పుకోవడం రావాలి కదా."

సణుక్కుంటానే కొట్టాడు. చెవుల్లో గింగురుమంది గానీ కొట్టాడు. పైన దట్టంగా గ్రీజు పూసి గోనెలో కట్టారు. జంబయ్య విప్పి చూడలేదు. వాడెప్పుడూ సరుకు చూడడు, మొహాలు చూస్తాడు.

నాలుగో రోజున వచ్చాడు. తోక కిందికేసి, బాధగా.

"పట్టలేదు బావా. నలభై రెండు చెప్తే మళ్ళీ నలభై చేశావు. అన్నీ చెత్తలోనే. ఇదిగో, తుక్కు రేటు..."

ఈసారి పోలయ్య తొణకలేదు. "నూకాలూ, చూపించు."

నూకాలు ఫొటో చూపించింది. నలభై. కింద బొటనవేలు.

జంబయ్య కంగారు పడతాడనుకున్నారు. వాడు మీసం దువ్వుకున్నాడు. "అదా! బొటనవేలంటే చూశానని. సరే అని ఎక్కడన్నా రాశానా? నీ పద్ధతే కదా చీమమ్మా, సరే అని వస్తేనే కొయ్యాలని. రాకుండా ఎందుకు కోశారు?"

పద్ధతి పెట్టింది నూకాలే, తప్పింది నూకాలే. పోలయ్య లేత్ వైపు చూశాడు.

"నేను ముందే చెప్పాను బావా," జంబయ్య గొంతులో తేనె కారింది. "మనలాంటోళ్ళకి ఈ ఫోన్లూ అట్టలూ ఎందుకు? మిషనుకి మంచి రేటే ఇస్తాను..."

అప్పుడే ఫోను మోగింది. నూకాలు దాని మీదే నిలబడుంది, అదిరి ఓ పక్కకి దొర్లింది. దొర్లడంలో స్పీకరు నొక్కుకుంది.

షెడ్డు రేకులు గలగలమన్నాయి. అవతల మిల్లు ఏనుగమ్మ, గున్నమ్మ.

"ఎవరండీ? ఈ బుష్షు మీద నంబరుంటే చేస్తన్నాను. నూట పదిహేడు అని కొట్టుంది. మీరేనా చేసింది?"

"మేమేనండి అమ్మగారూ," అన్నాడు పోలయ్య. "మీకు పట్టలేదంటండి. మన్నించాలి."

"పట్టకపోవడమేంటయ్యా? మూడు రోజులుగా మిల్లు ఆడతంది, వేడెక్కడం లేదు, చప్పుడు లేదు. ఇంకో ఇరవై నాలుగు కావాలి, సరిగ్గా ఇవే. ఆ జంబయ్య తన సొంత లేత్ మీద చేశానని చెప్పి ముక్కకి వెయ్యి పట్టుకుపోయాడు. మరి నంబరు మీదెందుకుందీ?"

తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు జంబయ్య. గుమ్మం వైపు ఒక కాలేశాడు.

"అమ్మగారూ, ఆయన ఇక్కడే ఉన్నారండి," అంది నూకాలు, తీయగా. "మాటాడతారా?"

"మాటాడ్డం కాదు. ఉండమను. వస్తన్నాను."

మిల్లు ఎంతో దూరం లేదు. ఏనుగు బయల్దేరితే నేలకి తెలిసిపోద్ది. కాసేపటికి బల్ల మీద పనిముట్లు కదలడం మొదలెట్టాయి.

"బావా, ఆవిడ రాకముందే తేల్చేసుకుందాం," జంబయ్య చెమటలు తుడుచుకున్నాడు.

పోలయ్య అరవలేదు. దగ్గరికెళ్ళి అడిగాడు. "మూడేళ్ళలో ఎన్ని పట్టాయి జంబయ్యా?"

జంబయ్య నేల చూశాడు. "నాకూ పొట్టుంది బావా."

"ఉంటే కమీషను అడగొచ్చు కదయ్యా. ఇచ్చేవాణ్ణి. నా బుర్ర పోయిందని నాకే నమ్మకం కలిగించావు. నా మీద నాకున్న నమ్మకం, అదెంతకి అమ్మావు?"

నక్క మళ్ళీ గుమ్మం వైపు జరిగాడు.

"పాతవాటి మీద నంబర్లు లేవు మావా, అవి పోయినట్టే," అంది నూకాలు. "ఇవి మాత్రం వదల్ను. ఇరవై నాలుగు ముక్కలు, ఆరొందల నలభై లెక్కన. ఆ పైన ఇంకో రెండు."

"రెండేటి?" చింత చచ్చినా పులుపు చావలేదు జంబయ్యకి.

"అట్టముక్క ఖరీదు."

బయట చెరుకు గడలు విరుగుతున్న చప్పుడు దగ్గరైంది. జంబయ్య బేరం ఆపి డబ్బు మూట విప్పాడు.

చేతిలో పనుంటే సరిపోదు, చేసిన పని మీద నీ గుర్తు కూడా ఉండాలి. లేకపోతే దాని పేరు నక్క చెప్పుకుంటాడు. ఆ పూట పోలయ్య బల్ల మీద జంబయ్య లెక్కపెట్టి పెట్టింది అక్షరాలా పదిహేను వేల మూడొందల అరవై రెండు రూపాయలు.