ఖాళీ సీటు కూత

మల్లంపూడి దొరగారి కారుకి ఓ జబ్బు పట్టుకుంది. దొరగారు ఎప్పుడూ వెనకే కూర్చుంటారు, డ్రైవరు గవరయ్య పక్క సీటు ఖాళీ. అయినా అక్కడెవరో బెల్టు పెట్టుకోకుండా కూర్చున్నట్టు కారు దారి పొడుగునా కూసేది.

"ఖాళీ సీటుకే బెల్టు తగిలించేస్తే ఊరుకుంటుందండి," అన్నాడు గవరయ్య.

"ఖాళీ ఉయ్యాల ఊపుతామట్రా? ఇదీ అంతే, ఇంటికి అరిష్టం. ఏం చేస్తావో నాకు తెలీదు. ఆ కూత ఆగేదాకా నా కంటపడకు," అని కసిరారు దొరగారు.

గవరయ్య భార్య నూకాలు కొండ అవతల పుట్టింట్లో ఉంది. డ్రైవరు గదిలో ఆడవాళ్లు ఉండకూడదని దొరగారి కట్టడి. సెలవు అడిగితే ఇవ్వరు. తొలకరికి వెళ్లిన మనిషి, కోతలొచ్చినా రాలేదు. ఆమె ఒంటి పసుపు వాసన మరిచిపోతానేమోనని గవరయ్య దిగులు.

అతను కారుని కొండదారి పట్టించాడు.

మర్నాడు కారు కూత లేకుండా దివాణంలోకి వచ్చింది. ముందు సీట్లో నూకాలు, బెల్టు పెట్టుకుని ఉంది.

"ఎక్కడికి పోయావురా?"

"కూత ఆగేచోటికండి. మా అత్తారి గుమ్మంలో ఆగింది. ఇక మీ కంటపడొచ్చు కదాని వచ్చాను."

నూకాలు దిగింది. కారు మళ్లీ కూసింది.

"అసలు దానికేం రోగంరా?"

"సీటు కింద తీగ వదులైందండి. మనిషి లేకపోయినా ఉన్నట్టే అనుకుంటోంది. దాన్ని నేను బిగిస్తాను. తొలకరి నుంచీ నాకూ అదే జబ్బండి, పూటపూటా రెండు కంచాలు పెడుతున్నాను. అది మాత్రం మీరే కుదర్చాలి."

దొరగారు నూకాలు మూటని డ్రైవరు గదిలో పెట్టించమని చెప్పి లోపలికి వెళ్లిపోయారు.