అచ్చమాంబ తోమిన నీలం

అనగనగా ఒక కొండ పక్కన, రాగిబిందెలు చేసే కంచరి వాళ్ళుండే ఊళ్ళో అచ్చమాంబ అని ఒకావిడ ఉండేది. ఆవిడ చింతపండు చేత పట్టిందంటే ఎంత నల్లబడ్డ రాగిబిందైనా తళతళలాడాల్సిందే. "మా అచ్చమాంబ చేతిలో చిలుము నిలవదు" అని మొగుడు మల్లాచారి ఊరంతా చెప్పుకునేవాడు.

ఆయనకి ఒకటే ధ్యాస. ఈ కొండ కడుపులో రాగి ఉందనేవాడు. ఊరు నవ్వేది. ఇరవయ్యేళ్ళు నవ్వింది, ఊరికేం పని?

ఆ కొండలో ఏం జరిగిందో చెప్తా, ఊఁ కొట్టు. మనుషులే పుట్టని రోజుల్లో, భూమి అడుగునుంచి సలసల కాగే నీళ్ళు రాగినీ గంధకాన్నీ మోసుకుంటూ రాతి నెర్రెల్లోకి ఎక్కాయి. ఆ తర్వాత నీళ్ళు చల్లారి, మోసుకొచ్చినదంతా అక్కడే గడ్డకట్టింది. ఆ తర్వాత పైనుంచి వాననీళ్ళు చుక్కచుక్కగా ఇంకి, ఆ గడ్డని నేరేడుపండు నీలంగా మార్చాయి. ఎన్ని వానాకాలాలు పట్టిందో ఆ కొండకే తెలియాలి. అలాంటిది ఎక్కడో గాని దొరకదు.

అది మల్లాచారికి, ఎవరో ఎప్పుడో తవ్వి వదిలేసిన పాత గుంటలో దొరికింది. పలుగురాయి మీద మందంగా నీలం. ఆ మర్నాటి వానకే గుంట పూడిపోయింది. అప్పుడాయన రాయిని భార్య చేతిలో పెట్టి, "భద్రం. రాళ్ళు తెలిసినాయన్ని పట్నం నుంచి తీసుకొస్తా. ఇది చూపిస్తే నా మాట నమ్ముతారు" అని వెళ్ళాడు.

భద్రమన్నాడు గానీ తోమొద్దనలేదు, పిచ్చి మహారాజు.

అచ్చమాంబ కంటికి ఆ నీలం చిలుములా కనిపించింది. పెద్దమనిషికి చిలుము పట్టిన రాగి చూపిస్తే ఎంత నామోషీ! మొదటిరోజు చింతపండుతో తోమింది. నీలం పొరలుపొరలుగా లేచింది. రెండోరోజు బూడిదేసి తోమింది. ఇంకా లేచింది. లోపల రాగి మెరుస్తుందని మూడోరోజు ఇటికపొడితో రుద్దింది. అప్పుడు తెల్లటి పలుగురాయి మిగిలింది. నీలమంతా తూములో పోయింది.

పట్నం ఆయన రాయిని తిప్పి చూశాడు. "దీనిమీద నీలముండేది, నేనే తోమేశా" అని అచ్చమాంబ చెప్తే నవ్వి వెళ్ళిపోయాడు.

అప్పుడు మల్లాచారి ఆవిడ చేతులు పట్టుకుని, గోళ్ళలో ఇరుక్కున్న నీలం చూశాడు. అరవలేదు. "మా అచ్చమాంబ చేతిలో చిలుము నిలవదు" అన్నాడు మెల్లగా.

ఆ తర్వాత ఆయన ఆ మాట ఇంకెప్పుడూ అనలేదు. అది మళ్ళీ వినాలని అచ్చమాంబ ముసలిదయ్యేదాకా బిందెలు తోముతూనే ఉంది, పాపం పిచ్చితల్లి.

నీలమేమో నీళ్ళకి,
కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
నిద్రేమో నీ కంటికి.