ముక్కులో బంకమట్టి కూరుకున్న నక్క

గేదెలు మాట్లాడుకునే మాటలన్నీ నాకు తెలుస్తాయి. బడికి నాలుగు రోజులే పోయినోణ్ణి గానీ, ఈ చదువులో నన్ను మించినోడు లేడు. కాబట్టి నమ్మి వినండి.

కాటుక అని ఓ గేదె. పొద్దున్నే మేతకి పోతూ దొడ్లో ఉన్న తన దూడకి రోజూ ఒకటే చెప్పేది. నేనొచ్చి మూతి మూసుకుని ముక్కులోంచి "మ్‌మ్‌మ్" అని మూలిగితేనే తడిక తోసుకుని బయటికి రా, లేకపోతే కదలొద్దు అని. ఆ మూలుగు ఎంత కమ్మగా ఉండేదంటే, వింటే నాకే పాలు తాగబుద్ధేసేది.

ఆ దూడ మీద గంగులు అనే నక్క కన్ను పడింది. మూడ్రోజులు తుప్పల్లో కూచుని ఆ మూలుగు నేర్చుకోబోయాడు. ఎంత తంటాలు పడ్డా ఊళే వస్తోంది. చివరికి గానుగ దగ్గర నెమరేస్తున్న ముసలెద్దు దగ్గరికి పోయి, పెళ్ళిలో పాడాలి, ముక్కులోంచి గొంతు రావాలంటే ఏం చెయ్యాలని అడిగాడు. నక్కతో పాడించుకునే పెళ్ళోళ్ళెవరో ఎద్దుకి తెలీలేదు గానీ, వాడి చూపు దొడ్డివైపే పోతుండటం మాత్రం కనిపెట్టింది.

"జలుబు చేసినోడు దేంతో మాట్లాడతాడంటార్రా అల్లుడూ?"

"ముక్కుతో, మావా."

"మరి వాడి ముక్కు ఎట్టా ఉంటది?"

"మూసుకుపోయి ఉంటది."

"ఇంకేం. చెరువు బంకమట్టి తెచ్చి రెండు కన్నాల్లోనూ కూరెయ్."

గంగులు అట్టాగే కూరుకుని తడిక దగ్గరికొచ్చాడు. మూతి మూసి మూలగబోతే గాలి పోయే దారి లేదు. బుగ్గలుబ్బాయి, కళ్ళు తేలేశాడు. ఇక లాభంలేక నోరు తెరిచి, "నాన్నా, నేను మీ అమ్మని" అందామనుకున్నాడు.

"దాద్దా, దేదు బీ అబ్బది" అని వచ్చింది.

లోపల దూడ పడీపడీ నవ్వింది. "మా అమ్మ ముక్కులో గాలి హాయిగా ఆడుద్ది తాతా. నువ్వెళ్ళి మిరియాల కషాయం తాగి పడుకో."

మామూలుగా అయితే కుక్క మైలు దూరంలో ఉండగానే గంగులు వాసన పట్టేసేవాడు. ఇవాళ ముక్కుకి బిరడా ఉంది కదా, దొడ్డి కాసే కుక్క వచ్చి వెనకాలే నిలబడినా తెలీలేదు. తోక దాని నోట్లో పడ్డాక తెలిసింది. ఆ నొప్పికి వాడు తుమ్మిన తుమ్ముకి మట్టి ఎగిరిపోయి పక్కూరి కుమ్మరి సారె మీద పడి రెండు ముంతలయ్యాయి. ఒకదాంట్లో నేను మజ్జిగ తాగాను.

సగం తోకతో కుంటుకుంటూ పోతుంటే ఎద్దు ఆప్యాయంగా పలకరించింది. "పాట బాగా కుదిరిందా అల్లుడూ?"

పక్కోడి గొంతు దొంగిలించబోయినోడు ముందు తన ముక్కు పోగొట్టుకుంటాడు.