చెవిటి రాయబారి

గుర్రపుకొండ కింద ఒక ఎండిన వాగు. ఈ గట్టున జింకలు, ఆ గట్టున దుప్పులు. రెండు మందలూ ఒకే తాత మనవలమని చెప్పుకుంటాయి గానీ, ఆ తాత ఏ గట్టున పుట్టాడన్న మాట రాగానే కొమ్ములు కలబడతాయి. వాగు నడుమ ఇసకలో ఒకే ఒక్క చెలమ. నడివేసవిలో ఆ చుట్టుపక్కల మంచినీళ్ళంటే అవే. జింక వెళితే దుప్పులు పొడుస్తాయి, దుప్పి వెళితే జింకలు మూకుమ్మడిగా తరుముతాయి. దాంతో అందరూ కొండ వెనక గుంటలో బురద నాకి బతుకుతున్నారు. పెద్దవాళ్ళు ఎలాగో ఓర్చుకుంటున్నారు. పిల్లలే రోజుకొకటి కాళ్ళు చాపేస్తున్నాయి.

వాళ్ళకు రాజీ కుదర్చడానికి పై అడవుల నుంచి రాయబారులు వచ్చారు. ఉత్తరపు అడవి నుంచి నక్క వచ్చి ఇది మూడో వేసవి. తూర్పు అడవి నుంచి వచ్చిన నెమలి రోజూ సాయంత్రం పురి విప్పి, "నా తీవ్రమైన ఆందోళన వెలిబుచ్చుతున్నాను" అని చెప్పి, పురి ముడుచుకుని నిద్రపోయేది. ఈ ఏడు కొత్తగా పడమటి చిట్టడవి నుంచి బండయ్య అనే ముసలి గాడిద వచ్చాడు. ఆ అడవిలో ఎవరిని అడిగినా పని ఉందన్నారు. బండయ్యను అడిగితే, వెళ్తాననీ అనలేదు, వెళ్ళననీ అనలేదు, లేచి నడవడం మొదలుపెట్టాడు.

వచ్చిన రోజునే నక్క ఆయనకు పద్ధతులు చెప్పింది.

"చూడు బండయ్యా, నువ్వు కొత్తవాడివి. ఇక్కడ సభామర్యాద ఒకటుంది. ఇరుపక్షాలూ తమ గట్టు దిగకూడదు, గొంతు పెంచకూడదు. చెప్పేది నా చెవిలో చెబుతారు. నేను అవతలి గట్టుకు మోసుకెళతాను."

"మరి చెలమ?"

"చర్చలు సాగినన్నాళ్ళూ చెలమ రాయబారులది. అతిథులం కదా! ఈతపళ్ళు ఈ గట్టువాళ్ళు ఒకరోజు, ఆ గట్టువాళ్ళు ఒకరోజు పంపుతారు. తాగు, తాగు. దూరం నుంచి వచ్చావు."

బండయ్యకు దాహంగానే ఉంది. మూతి పెట్టి చెలమ అడుగు కనబడేదాకా తాగాడు. తల ఎత్తేసరికి, ఆయన మూతి నుంచి కారి తడిసిన ఇసకను ఒక జింకపిల్ల నాకుతోంది. దాని నాలుక నిండా ఇసక. నక్క కసిరితే అది తూలుకుంటూ గట్టెక్కింది. బండయ్య ఆ రోజు మళ్ళీ చెలమ దగ్గరకు పోలేదు. ఈతపళ్ళూ ముట్టలేదు.

ఆ మధ్యాహ్నం చర్చలకు నక్క వెంట నడిచాడు. జింకల పెద్ద ఎర్రక్క నక్క చెవిలో ఏదో గుసగుసలాడింది. బండయ్య నాలుగు అడుగుల వెనక నిలబడ్డాడు గానీ, ఆయన చెవులు తక్కువవి కావు. ప్రతి ముక్కా పడింది. తర్వాత అవతలి గట్టున దుప్పుల పెద్ద కొమ్ములయ్యతో నక్క చెప్పిందీ పడింది. ఈ గట్టున బయలుదేరిన మాట వేరు, ఆ గట్టు చేరిన మాట వేరు.

"రాజీ కుదిరితే నక్క ఇంటికి పోవాలి కదా," అనుకున్నాడు బండయ్య. "ఇంటిదగ్గర ఈతపళ్ళు ఎవరు పంపుతారు?"

ఆయన గొడవ చేయలేదు. నక్క అబద్ధాలాడుతోందని తాను చెబితే వాళ్ళు నమ్మేది ఎవరిని? ఇవాళ వచ్చిన గాడిదనా, మూడేళ్ళుగా ఉన్న రాయబారినా?

మర్నాడు పొద్దున్నే వాగు నడుమ, చెలమ పక్కన నాలుగు కాళ్ళూ పాతి నిలబడ్డాడు. నక్క ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పరుగెత్తుతూ ఆయన దగ్గర ఆగింది.

"బండయ్యా, ఇక్కడేం చేస్తున్నావు? పక్కకు జరుగు."

"నేనూ రాయబారినే. దాటే మాట నేనూ వినాలిగా?"

"అలాగే విను. దుప్పులు కొమ్ములు విరగ్గొట్టుకుని వస్తే తప్ప మాట్లాడేది లేదంటోంది ఎర్రక్క."

"ఏమిటీ?"

"కొమ్ములు! విరగ్గొట్టుకుని!"

"వినబడలేదయ్యా. నాకు చెవుడు."

నక్క ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. "ఇంత పొడుగు చెవులు పెట్టుకుని చెవుడా?"

"పొడుగు వల్లే వచ్చింది బాధ. చివర్న పడ్డ మాట లోపలికి చేరేసరికి అలిసిపోతుంది."

"నిన్న బాగానే విన్నావుగా?"

"ఏమంటున్నావు?"

"ఏమీ లేదు, జరుగు!"

బండయ్య జరగలేదు. జింకల గట్టు వైపు తిరిగి, కొండ దద్దరిల్లేలా ఒక్క ఓండ్ర పెట్టాడు. పురి దువ్వుకుంటున్న నెమలి కొమ్మ మీంచి జారింది.

"ఎర్రక్కా! ముసలివాణ్ణమ్మా. నువ్వు చెప్పింది నాకు అందలేదు. నీ నోటితోనే ఇంకోసారి, గట్టిగా చెప్పు తల్లీ!"

"గొంతు పెంచకూడదు!" అని నక్క అరిచింది.

"అతిథి అడిగితే చెప్పకపోవడం ఏం మర్యాద?" అంది ఎర్రక్క. పిల్ల జబ్బుపడి రెండు రోజులుగా ఆవిడకు నిద్ర లేదు. గట్టు అంచుకు వచ్చి గొంతు చించుకుంది. "పొద్దున దుప్పి పిల్లల్ని తాగనీండి, సాయంత్రం మా పిల్లలు తాగుతాయి అన్నాను అన్నా! పెద్దవాళ్ళం బురదే తాగుతాం అన్నాను!"

అవతలి గట్టున కొమ్ములయ్య మెడ చాచాడు.

"మరి మా కొమ్ములు విరగ్గొట్టుకోవాలన్నావని నక్క ఇప్పుడే అరిచిందే?"

"ఎవరి కొమ్ములు? నీ కొమ్ములతో నాకేం పని? కూర వండుకోనా?"

"ఆగండాగండి," అని నక్క నడుమ గెంతింది. "అనువాదంలో చిన్న..."

"నాకు వినబడ్డం లేదు," అన్నాడు బండయ్య. "కొమ్ములయ్యా, నీ మాటా అందలేదు. నిన్న ఏం చెప్పి పంపావు నాయనా?"

కొమ్ములయ్య నేల వైపు చూశాడు. గట్టిగా చెప్పాల్సిన మాట కాదది. అయినా చెప్పాడు.

"నిరుడు మా కుర్రాడు మీ చిన్నదాన్ని పొడిచాడు. తప్పు మాదే అన్నాను. మూడుసార్లు పంపాను ఆ మాట."

"నాకు ఒక్కసారీ రాలేదు," అంది ఎర్రక్క. "మా వాళ్ళు నీ తమ్ముణ్ణి లోయ అంచుకు తరిమారు. ఆ సంగతి నేనూ చెప్పి పంపాను."

"అది మాకూ రాలేదు."

రెండు మందలూ ఒక్కసారే నక్క వైపు తిరిగాయి. నక్క అంత తేలిగ్గా ఓడేది కాదు. తోక ఎత్తి, గొంతు సవరించుకుంది.

"అవన్నీ సరే! ముందు తేలాల్సింది తేలలేదు. మీ తాత ఏ గట్టున పుట్టాడు?"

"ఈ గట్టునే!" అన్నాడు కొమ్ములయ్య వెంటనే.

"నీ మొహం! ఈ గట్టున!" అంది ఎర్రక్క.

అంతే, రెండు మందల మెడలూ మళ్ళీ నిక్కాయి. నక్క మూతి నాకుకుంది. బండయ్య మాత్రం చెలమ మీదకు వంగి, గిట్టతో పూడిన ఇసకను తోడిపోశాడు. నీళ్ళు మెల్లగా ఊరాయి.

"అది పెద్ద తగవు. నిదానంగా తేల్చుకోండి, నేనేమీ వద్దనను," అన్నాడు. "పిల్లలు తాగుతూ ఉంటే మీరు పోట్లాడుకోండి. పొద్దున కదా, ముందు దుప్పి పిల్లల్ని పంపు కొమ్ములయ్యా."

కొమ్ములయ్య ఎర్రక్కను చూశాడు. ఎర్రక్క తలాడించింది. దుప్పి పిల్లలు బెదురుతూ గట్టు దిగాయి. వాటి నెత్తిమీదుగా పెద్దలిద్దరూ తాత గురించి తిట్టుకుంటూనే ఉన్నారు. సాయంత్రం జింకపిల్లలు తాగుతున్నప్పుడూ తిట్టుకున్నారు. వానలు పడేదాకా ఆ తగవు తెగలేదు. కానీ ఆ వేసవిలో ఆ తర్వాత ఒక్క పిల్లా దాహంతో చావలేదు.

నెమలి ఆ సాయంత్రం పురి విప్పి, "నా హర్షం వెలిబుచ్చుతున్నాను" అంది. నక్క మాత్రం వాగు నడుమ ఒంటరిగా నిలబడి, ఈ గట్టునీ ఆ గట్టునీ మార్చి మార్చి చూసింది.

"మరి ఇవాళ్టి నా ఈతపళ్ళు?"

"పో!" అంది ఎర్రక్క. "పో!" అన్నాడు కొమ్ములయ్య అదే క్షణాన. మూడేళ్ళలో రెండు గట్లూ కలిసి పలికిన మొదటి మాట అది. దాన్ని మోసేందుకు ఎవరి అవసరమూ లేకపోయింది.

నీతి: తగవు తీర్చబోయిన బయటివాడు తన నోరు కాస్త కట్టుకుని, తగవుపడ్డ ఇద్దరి గొంతూ ఒకరిది ఒకరికి వినబడేలా చేయాలి.