తోడేలు పేరు మీద బోటి

కూర్చోండి పిల్లలూ. ఇది చాలా చిన్న కథ. అన్నం చల్లారేలోపు అయిపోతుంది.

అనగనగా ఒక అడవి. ఆ అడవి అయిపోయే చోట ఒక ఇల్లు. అది రుక్మాంగదయ్యగారి ఇల్లు. ఆయన సంగతి చెప్పకుండా ముందుకు పోవడం మర్యాద కాదు. కళ్ళజోడు లేకపోతే ఆయనకు గేదె, గడ్డివామి ఒకటే. ఆ కళ్ళజోడు ఎక్కడ పెట్టారో వెతకడానికి ఆయనకు కళ్ళజోడు కావాలి. ఆయన భార్య సుభద్రమ్మ. ఆవిడ వంటలో ఉప్పు ఎక్కువని ఊరంతా అంటారు. ఆవిడ ఎదురుగా మాత్రం ఇంకాస్త వడ్డించమంటారు. ఇక వాళ్ళ పక్కింటాయన... సరే, ఆయన జోలికి పోతే తెల్లారిపోతుంది.

ఆ ఇంట్లో ఒక కుక్క ఉంది. పేరు వీరడు. పెరుగన్నం తిని, అరుగు కింద పడుకుని సుఖంగా ఉండేది. వేసవిలో రుక్మాంగదయ్యగారి వియ్యంకుడి తమ్ముడు చుట్టపుచూపుగా వచ్చాడు. ఆయనకు తెలియని విషయం లేదు, చేసే పని లేదు.

"బావగారూ, కుక్కకు పెరుగన్నమేమిటండీ!" అన్నాడు ఆయన. "కుక్కది తోడేలు వంశం. తోడేలు ఏం తింటుందో అదే పెట్టాలి. పచ్చి బోటి, మేక పేగులు! కడక్కూడదు, ఉడకబెట్టకూడదు. అదే దానికి సహజమైన తిండి."

మనం బోటి తెచ్చుకుంటే ఏం చేస్తాం? వేడినీళ్ళు పోసి, సున్నం రాసి, తెల్లబడేదాకా గీకి గీకి కడుగుతాం. కుక్క వాటా మాత్రం మేక తిన్న గడ్డితో, ఆ వాసనతో, ఉన్నది ఉన్నట్టే పెట్టాలట. మర్నాటి నుంచి ఖాదరు మాంసం కొట్టులోంచి రోజూ బోటి వచ్చేది. రుక్మాంగదయ్యగారు ముక్కుకు కండువా చుట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, స్టీలు పళ్ళెంలో బోటి వేసేవారు. కుక్క తల నిమిరి, "తిను నాయనా, నువ్వు తోడేలువి" అనేవారు.

ఈ మాట పొదల్లోంచి ఒక తోడేలు వింది.

ఆ ఏడు ఎండలకు అడవిలో మడుగులన్నీ ఎండిపోయాయి. కుందేళ్ళు కొండ దాటి వెళ్ళిపోయాయి. గుహలో ఆడతోడేలు, మూడు పిల్లలు పస్తులున్నాయి. తోడేలు వేటకని బయలుదేరింది. పళ్ళెం చూశాక వేట మాట మరిచిపోయింది. దాని ఒళ్ళంతా కారం రాసినట్టు మండింది.

"వంశం మాది, పేరు మాది, తినేది వాడా?" అనుకుంది. "పుట్టినప్పటి నుంచి నేను తింటున్నది ఇదే. ఒక్కడైనా నా తల నిమిరాడా?"

కుక్క దాన్ని చూసి గొలుసు ఈడ్చుకుంటూ గోడ దగ్గరికి వచ్చింది.

"అన్నా, సమయానికి వచ్చావు. ఈ బోటి నాకు పడదు. ఆ వాసన భరించలేను. రోజూ గోడ అవతల పారేస్తున్నాను, కాకులు తింటున్నాయి. తీసుకుపో, పిల్లలకు పెట్టుకో."

"నువ్వు పారేసింది నేను ఏరుకోవాలా?" అని తోడేలు విసవిసా వెళ్ళిపోయింది.

"ఏమయ్యా, ఏం తెచ్చావు?" అని ఆడతోడేలు అడిగింది.

"వాడికి స్టీలు పళ్ళెం ఉంది" అంది తోడేలు.

"పిల్లలు పళ్ళెం తింటాయా?"

మర్నాడు కుక్క బోటిని నోట కరుచుకుని, గోడ మీద పెట్టి పిలిచింది. తోడేలు అటు చూడలేదు. దాని చూపంతా వాకిట్లోనే ఉంది. ఇరుగుపొరుగు వచ్చి కుక్క చుట్టూ చేరారు. తిండి మానేసి కుక్క డొక్కలు ఎండిపోయాయి. అయినా రుక్మాంగదయ్యగారు, "చూశారా, ఎలా నిగనిగలాడుతోందో!" అన్నారు. ఆయనింటి మజ్జిగ తాగుతూ కాదని ఎవరంటారు? అందరూ తలలూపారు. తోడేలుకు ఆ నిగనిగ నిజంగానే కనిపించింది. ఉడుక్కుంటూ ఇంటికి పోయింది.

"అది మన వంశం పరువు. ఏరుకోవడం నా వల్ల కాదు" అంది.

"ఆ పరువేదో కాస్త చిన్నదానికి పెట్టు. ఆకలికి ఏడుస్తోంది" అంది ఆడతోడేలు.

మూడోనాడు కుక్క బతిమాలింది. "అన్నా, ఈ ముక్క పట్టుకుపో. నీ పిల్లలు బతుకుతాయి, నా పీడా పోతుంది."

"నాకు ముక్క వద్దు. నీ చోటు కావాలి" అంది తోడేలు.

"ఇక్కడ గొలుసు ఉంటుంది అన్నా."

"తల నిమురుతారు కదా!"

 కుక్క చిక్కిపోయింది కదా, తల వెనక్కి లాగగానే మెడ బెల్టు ఊడి వచ్చింది. తోడేలు గోడ దూకి, చెవులు వెనక్కి వంచి, అందులో తల దూర్చింది. తల దూరింది. మళ్ళీ వెనక్కి రాలేదు.

రుక్మాంగదయ్యగారు వచ్చి, మొహం తిప్పుకునే బోటి వేసి, తల నిమిరారు. తోడేలు కళ్ళు మూసుకుంది. బోటి అంతా తానొక్కటే మింగింది. పిల్లలకు ఒక్క ముక్కైనా మిగల్చలేదు. పళ్ళెం కూడా నాకి, గుర్రుమంది.

ఆ రోజే పప్పు డబ్బాలో ఆయన పోగొట్టుకున్న కళ్ళజోడు దొరికింది. ఆయన అది పెట్టుకుని చూశారు. ఆ కోరలు చూశారు, ఆ చెవులు చూశారు, ఆ తోక చూశారు.

"సుభద్రా! ఇలా రా! ఏం తిండి, ఏం మహిమ! మన వీరడు నిజంగానే తోడేలైపోయాడు!"

సుభద్రమ్మ వచ్చి దూరం నుంచే చూసింది. "తోడేలైతే మన కోళ్ళ గతేమిటండీ? ఇక చాలించండి. రేపటి నుంచి పెరుగన్నం పెడతాను. తిండితో తోడేలైంది, తిండితోనే మళ్ళీ కుక్కవుతుంది."

వియ్యంకుడి తమ్ముణ్ణి అడిగారు. అదీ సహజమేనన్నాడు ఆయన.

మర్నాడు పళ్ళెంలో పెరుగన్నం వచ్చింది. తోడేలు మొహం తిప్పుకుంది. ఆ మర్నాడు వాసన చూసింది. ఆ తర్వాతి రోజు తిన్నది. పెరుగు వాసనకు వీరడు పరుగెత్తుకొచ్చింది. తోడేలు దాన్ని పళ్ళెం దగ్గరికి రానివ్వలేదు. సుభద్రమ్మ, "ఎవరిదో బక్క కుక్క" అని తరిమేసింది. అది పోయి ఖాదరు అరుగెక్కింది. వాళ్ళింట్లో పప్పన్నం పెడుతున్నారు, తింటోంది.

కొన్నాళ్ళకు ఆడతోడేలు పిల్లల్ని వెంటబెట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది.

"ఏమయ్యా, ఆ నాలుగు మెతుకులైనా ఇటు తొయ్యి. పిల్లలు నిలబడలేకపోతున్నాయి" అంది.

పిల్లలు గోడ సందులోంచి పళ్ళెం వంక చూశాయి. తోడేలు లేచింది. పళ్ళేనికి అడ్డంగా నిలబడింది. మొరిగింది.

"చెప్పానా, కుక్కవుతుందని!" అంది సుభద్రమ్మ వంటింట్లోంచి.

ఆడతోడేలు పిల్లల్ని తీసుకుని కొండ దాటి వెళ్ళిపోయింది.

నీతి: పక్కవాడి పళ్ళెం చూసి కుళ్ళుకునేవాడికి తన పిల్లల ఆకలి కనబడదు. ఆ పళ్ళెం తనకు దొరికాక అసలే కనబడదు.