ఉడుత ఒప్పుకున్న దానిమ్మచెట్టు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు, వాళ్ల వెనక ఒక్కతే కూతురు. పేరు వెన్నెల. ఏడేళ్ల పిల్ల.

ఒకరోజు వక్రదంతుడనే మాంత్రికుడు వచ్చి పిల్లను ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల తన కోట ముందు రాతిబొమ్మగా మార్చి నిలబెట్టాడు. నాలుగేళ్లు దాటితే ఆ రాయి ఇక రాయే.

రాణి ఏడవలేదు. కొడుకుల ముఖాలు చూసింది, అంతే.

మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక దానిమ్మకొమ్మ కనిపిస్తే తప్ప నేలకు దిగదు. అందుకే వాడు తన కోట ఉన్న దీవిలో దానిమ్మ మొలకన్నది లేకుండా పీకించాడు.

పెద్దవాడు బంగారు దానిమ్మచెట్టు చేయించి తీసుకెళ్లాడు.

"నా ముక్కు విరగ్గొడదామనా?" అని చిలక నవ్వింది.

రెండోవాడు నిజం చెట్టునే పెకలించి ఓడెక్కించాడు. మూడో సముద్రానికి ఆకులు రాలాయి. ఏడో సముద్రానికి కొమ్మలెండాయి.

"వంటచెరకు తెచ్చావా?" అంది చిలక.

ఏడాది గడిచింది.

"నేను గుడ్డమీద చెట్టు గీసి తీసుకెళతా" అన్నాడు మూడోవాడు మణిధరుడు.

"నువ్వా! నువ్వు గీసిన ఏనుగును చూసి మేక అనుకున్నాంరా" అన్నారు అన్నలు.

ఏటి ఒడ్డున గురవమ్మ అవ్వ, మనవరాలు కెంపి గుడ్డలమీద బొమ్మలు వేసేవాళ్లు. మణిధరుడు వాళ్ల దగ్గర చేరి, ఒక్కపూటలో చెట్టు గీసేశాడు. నల్లరంగు గుడ్డంతా పాకింది.

"చెట్టు గీయమంటే చెరువు గీశావేం నాయనా?" అంది అవ్వ.

"రంగు పాకకుండా గుడ్డకు కరక్కాయ, పాలు పట్టించావా?" అని అడిగింది కెంపి.

"ఆలస్యమవుతుందని మానేశా."

"రంగుకీ నీ తొందరే అంటుకుంది మరి."

మణిధరుడు సిగ్గుపడ్డాడు. మర్నాటినుంచి మొదలుపెట్టాడు. మొదటి ఏడాది గుడ్డలు పారే నీళ్లలో ఉతికాడు, కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టాడు, ఇసుకమీద ఆరేశాడు. రెండో ఏడాది బెల్లం, ఇనుము నానబెట్టి నల్లరంగు తీశాడు. ఎరుపు కాచి చేతులు బొబ్బలెక్కించుకున్నాడు. మూడో ఏడాది వెదురుకలం పట్టాడు.

రోజూ పొద్దున్నే ఒక ఉడుత వచ్చి చూసేది.

"ఈ కొమ్మమీద కాలు పెడితే జారిపడతాను" అనేది. వెళ్లిపోయేది.

అతను మళ్లీ గీసేవాడు.

"ఈ పండులో గింజల్లేవు" అనేది. వెళ్లిపోయేది.

అతను మళ్లీ గీసేవాడు. ఒక్కోరోజు కలం ఏట్లో పారేద్దామనిపించేది. చెల్లెలు గుర్తొచ్చేది. మళ్లీ గీసేవాడు.

గడువు నెలరోజులుందనగా ఉడుత వచ్చింది. చూసింది. ఒక్క ఎగురు ఎగిరి, గుడ్డకు ముక్కు గుద్దుకుని కిందపడింది.

"అబ్బా! చెప్పొద్దా గుడ్డ అని!"

అవ్వ నవ్వింది. "ఇక బయల్దేరు నాయనా."

ఒక తాబేలు అతన్ని వీపుమీద ఎక్కించుకుని ఏడు సముద్రాలు దాటించింది. దారంతా అలలు. గుడ్డ తడిసి ముద్దయింది. విప్పి చూశాడు. ఒక్క గీత చెదరలేదు.

కోట గోడకు ఆ గుడ్డ కట్టి, వెనక దాక్కున్నాడు. చిలక రివ్వున దిగి పండును పొడిచింది. చటుక్కున పట్టుకున్నాడు.

మాంత్రికుడు గిలగిల్లాడుతూ పరుగెత్తుకొచ్చాడు. "ఏ మంత్రంరా ఇది? ఎవరు నేర్పారు?"

"మంత్రం లేదు. మూడేళ్లు గుడ్డలుతికాను. ముందు మా చెల్లిని లేపు."

వాడు నీళ్లు చల్లాడు. రాయి కళ్లు తెరిచింది. "అన్నయ్యా, నీ చేతులేంటి ఇంత గరుగ్గా ఉన్నాయి?" అంది వెన్నెల.

వాడు మళ్లీ పిల్లమీదికి దూకబోయాడు. మణిధరుడు చిలక మెడ విరిచాడు. వాడు పొగైపోయాడు.

ఇంటి గుమ్మంలో రాణి కూతుర్ని తల నుంచి పాదాలదాకా తడిమి చూసింది. వెచ్చగా ఉంది. అప్పుడు ఏడ్చింది.

మణిధరుడు కెంపిని పెళ్లాడి, రాజై, చాలాకాలం చల్లగా ఏలాడు. రాజయ్యాక కూడా పొద్దున్నే ఏటికి వెళ్లేవాడు.

"ఉతకడానికి మనుషులు లేరా ప్రభూ?" అనేవారు మంత్రులు.

"గీత నాదైతే గుడ్డా నేనే ఉతకాలి" అనేవాడు.

కథ ఒడ్డెక్కింది. లేవండి, చేతులు కడుక్కోండి. అన్నం పెడతాను.